ఆరేళ్లు షెడ్డులో నిలిచిపోయిన 1984 బుల్లెట్ 350: ఇంజిన్ విప్పే ముందు చూడాల్సినవి, ఆ తర్వాత మార్చుకోదగ్గవి

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి 1984 బుల్లెట్ 350, కాస్ట్ ఐరన్ ఇంజిను. ఆరేళ్లుగా షెడ్డులో ఉంది. కిక్ దిగుతోంది, బండి మాత్రం స్టార్ట్ అవడం లేదు. చూసిన మెకానిక్ ‘ఫుల్ ఇంజిన్ పని, బోరు, కనెక్టింగ్ రాడ్డు’ అన్నాడు (బోరు అంటే సిలిండర్ లోపలి గోడ, బోరు చేయడమంటే దాన్ని కోసి పెద్దది చేయడం; కనెక్టింగ్ రాడ్డు అంటే పిస్టన్‌ను క్రాంక్‌కి కలిపే కడ్డీ). ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు, 6 వోల్టుల కరెంటును 12కి మార్చాలా, పాయింట్లు (స్పార్క్ పడేలా చేసే స్విచ్చు) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాలా అని.

ముందు ఒక మాట గట్టిగా చెప్తానండీ. ఇంజిన్ ఇప్పుడే విప్పనివ్వకండి. నిలబడి పాడైన బండికీ, తిరిగి అరిగిన బండికీ వైద్యం ఒకటి కాదు. ఆరేళ్లు కదలకపోతే చెడేవి పెట్రోలు దారి, పాయింట్లు, రబ్బర్లు, వైర్లు, ఆయిల్. బోరు, బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు) నిలబడి ఉన్నందువల్ల అరగవు. అవి ముందే అరిగి ఉంటే ఆ సంగతి కొలిస్తే తెలుస్తుంది. కొలవకుండా బోరు చేయించడమంటే సిలిండర్ ఆయుష్షులో ఒక మెట్టు ఊరికే వదులుకోవడం.

పానాల సంగతి మొదట. ఈ కాలపు బుల్లెట్‌లో చాలా నట్లు, బోల్టులు ఇంగ్లండు కొలతలవి. 3/16, 1/4, 5/16 విట్‌వర్త్ పానాలు కొనుక్కోండి. హైదరాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో వెతికితే దొరుకుతాయి. మిల్లీమీటరు పానా ‘దాదాపు’ పడుతుంది, ఆ దాదాపే నట్టు మూలలు గుండ్రం చేసేస్తుంది. వీటితో పాటు ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు), మల్టీమీటర్, వెర్నియర్ చాలు. బిగుసుకున్న చోట పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఆ పని సగం తేలికవుతుంది.

ఇక స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలోంచి 10–15 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోయండి. ఒక రాత్రి ఆగి, ప్లగ్ లేకుండానే కిక్‌ను చేత్తో మెల్లగా దించి చూడండి. పైనుంచి కిందికి ఒకే తీరుగా తిరగాలి. ఎక్కడైనా పట్టేస్తే ఆపండి. కాలు వేసి తొక్కారంటే బిగుసుకున్న రింగు విరుగుతుంది. టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఆడించడమే దానికి మందు.

తర్వాత ఆయిల్. బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకు విడిగా కనపడదు, క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది పెట్టె) పోతలోనే వెనక వైపు గదిలా ఉంటుంది. ఫీడ్ పంపు అక్కడి ఆయిల్‌ను బిగ్ ఎండ్‌కి పంపుతుంది. దానికన్నా పెద్దదైన రిటర్న్ పంపు కింద చేరిన ఆయిల్‌ను తిరిగి లాగుతుంది. బండి నెలల తరబడి నిలబడితే ట్యాంకులోని ఆయిల్ ఫీడ్ పంపు సందుల్లోంచి జారి క్రాంక్ అడుగున నిండుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే బ్రీదర్‌ (లోపలి గాలి బయటికి పోయే గొట్టం)లోంచి ఆయిల్ చిమ్మి, సైలెన్సర్ నీలం పొగ కక్కుతుంది. అది చూసి ‘రింగులు పోయాయి’ అనేవాళ్లు చాలామంది ఉంటారు. అందుకే ఆయిల్ ట్యాంకు ప్లగ్గు, అడుగున క్రాంక్‌కేసు ప్లగ్గు రెండూ విప్పి మొత్తం దించేయండి. దించినదాన్ని తెల్ల పళ్లెంలో పట్టి ఎండలో చూడండి. బూడిదరంగు ముద్దలా ఉంటే నీళ్లు చేరినట్టు. వేళ్ల మధ్య రుద్దితే మెరిసే రేణువులు కనపడితే బిగ్ ఎండ్ మీద అనుమానం పెట్టుకోవాలి. అయస్కాంతానికి అంటుకునేవి ఉక్కు, అంటుకోకుండా పసుపుగా మెరిసేవి బుష్షువి.

టైమింగ్ కవర్‌లోని ఫెల్ట్ ఫిల్టర్ మార్చండి. స్ప్రింగు, వాషర్లు తీసిన వరసలోనే తిరిగి వేయాలి కాబట్టి విప్పుతూ ఫోటో తీసుకోండి. మూత పెట్టే ముందు ఫిల్టర్ గదిని కొత్త ఆయిల్‌తో నింపండి. ఇది మరిచిపోతే పంపు గాలి మింగుతూ తిరుగుతుంది, ఆ కాసేపు బిగ్ ఎండ్‌కి చుక్క అందదు. 20డబ్ల్యూ50 మినరల్ ఆయిల్ పోయండి, మొత్తం మీద 2 లీటర్ల పైచిలుకు పడుతుంది. చివర్లో డిప్‌స్టిక్ చూసుకుంటూ కొద్దికొద్దిగా పోయాలి. తర్వాత ప్లగ్ లేకుండా, తాళం ఆఫ్‌లో, నలభై యాభై కిక్కులు కొట్టి, హెడ్డు మీదికి వెళ్లే రాకర్ ఆయిల్ పైపు బాంజో బోల్టు (లోపలి రంధ్రంలోంచి ఆయిల్ పారే బోల్టు) అర చుట్టు వదులు చేయండి. అక్కడ ఆయిల్ ఊరాలి. ఊరితే పంపులు పని చేస్తున్నట్టే. ఊరకపోతే ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు, ముందు పంపుల డిస్కులు, స్ప్రింగులు చూడాలి.

ఇక కంప్రెషన్. ఇంజిన్ విప్పాలా వద్దా అన్నది తేలేది ఇక్కడే. కానీ దానికన్నా ముందు టాపెట్లు, అంటే వాల్వుల గ్యాప్. కుడి వైపు చిన్న మూత ఒకే నట్టుతో ఉంటుంది, దాని వెనక పుష్‌రాడ్ల (వాల్వుల్ని తెరిపించే పొడవు కడ్డీల) అడుగున అడ్జస్టర్లు కనిపిస్తాయి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ మీద పిస్టన్ పైన ఉండగా చూడాలి. రెండు పుష్‌రాడ్లూ రెండు వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. గ్యాప్ సున్నా అన్నమాట. చాలామంది ‘చప్పుడు తగ్గుతుంది’ అని ఇంకాస్త బిగిస్తారు. అప్పుడు వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలుతుంది. బోరు అవసరం లేని బండి బోరుకి వెళ్లే దారుల్లో ఇదొకటి.

టాపెట్లు సరిచేశాక ప్లగ్ బిగించి, డీకంప్రెసర్ (కంప్రెషన్ వదిలించే చిన్న వాల్వ్) లీవర్ వదిలేసి, కిక్ మీద మీ బరువు మోపి నిలబడండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిను మిమ్మల్ని కొన్ని సెకన్లు పైనే నిలబెట్టి, తర్వాత మెల్లగా దిగుతుంది. వెంటనే జారిపోతే ‘ఉస్స్’ అనే శబ్దం ఎక్కడ వస్తోందో చెవి పెట్టి వినండి. కార్బొరేటర్ నోట్లో వస్తే ఇన్‌లెట్ వాల్వ్. సైలెన్సర్‌లో వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడ వినపడితే రింగులు, బోరు. ఇవేవీ కాకుండా హెడ్డు మీద డీకంప్రెసర్ దగ్గరే వస్తే, ఆ చిన్న వాల్వ్ కింద మసి చేరింది లేదా దాని వైరు మరీ బిగుతుగా ఉంది. లీవర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉందో లేదో చూడండి. రింగుల మీద అనుమానం ఉంటే ప్లగ్ రంధ్రంలో ఇంకో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ నిలబడండి. అప్పుడు పట్టు పెరిగితే రింగులే, పెరగకపోతే వాల్వులు. ఒక్కోసారి నిలబడి తుప్పు పట్టిన వాల్వు అంచు వంద కిలోమీటర్లు తిరిగాక తనే సర్దుకుంటుంది కూడా. అందుకే ఈ పరీక్షలో కొంచెం బలహీనంగా తేలినా ముందు నడిపి, తర్వాత తీర్పు చెప్పండి.

పాయింట్లకి వద్దాం. ఆరేళ్లలో పాయింట్ల ముఖాల మీద తెల్లటి పొర కడుతుంది, అంతే చాలు స్పార్క్ ఆగడానికి. సన్నని ఎమరీ పేపర్ ముక్క మధ్యలో పెట్టి రెండు సార్లు లాగండి, తర్వాత పెట్రోలులో ముంచిన తెల్ల కాగితం లాగండి, కాగితం శుభ్రంగా వచ్చేదాకా. గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ప్లగ్ గ్యాప్ 0.5–0.6. కండెన్సర్ (పాయింట్ల మధ్య మెరుపును అణిచే చిన్న డబ్బా) పాతదైతే మార్చండి. పాయింట్ల మధ్య నీలం మెరుపు పెద్దగా కనపడితే కండెన్సర్ పోయినట్టు.

పాయింట్ల ప్లేటు వెనకే ఆటో అడ్వాన్స్ (రేస్ పెరిగే కొద్దీ స్పార్క్‌ను ముందుకి జరిపేది) ఉంటుంది, దాన్ని చూడకుండా టైమింగ్ పెట్టడం దండగ. రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు. ఆయిల్ ఎండి, తుప్పు పట్టి ఆ బరువులు తెరుచుకున్న చోటే ఇరుక్కుంటాయి. అప్పుడు కిక్ కొట్టగానే స్పార్క్ ముందే పడి రివర్స్ కిక్ వస్తుంది. బుల్లెట్ రివర్స్ కిక్‌కి చీలమండ బెణుకుతుంది, లోపల కిక్ పళ్లు కూడా విరుగుతాయి. క్యామ్‌ను వేలితో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే విప్పి కిరోసిన్‌లో కడిగి, పిన్నులకి ఒక్కో చుక్క ఆయిల్ పెట్టండి.

టైమింగ్: అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి ఉన్న స్థితిలో, పిస్టన్ పై చివరకి 0.8 మి.మీ. ముందు పాయింట్లు తెరుచుకోవడం మొదలవ్వాలి. కంప్రెషన్ స్ట్రోకులోనే చూస్తున్నారని ఖాయం చేసుకోండి, అప్పుడు రెండు పుష్‌రాడ్లూ వదులుగా ఉంటాయి. పాయింట్లు తెరుచుకున్న క్షణం తెలియడానికి అమ్మీటరే చాలు. తాళం ఆన్ చేసి ఇంజిన్‌ను మెల్లగా తిప్పితే, మైనస్ వైపు వాలిన ముల్లు పాయింట్లు విడిపోగానే మధ్యకి వస్తుంది. పిస్టన్ ఎత్తు కొలవడానికి సైకిల్ పుల్ల ప్లగ్ రంధ్రంలో పెడతారు. రంధ్రం వాలుగా ఉంటుంది కాబట్టి పుల్ల చెప్పే లెక్కలో కొంత తేడా ఉంటుంది. అందుకే దాన్ని మొదటి సెట్టింగ్‌గా తీసుకుని రోడ్డు మీద సరిచేయండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌లో గులకరాళ్లు కొట్టుకున్నట్టు టకటక వస్తే కాస్త వెనక్కి. సైలెన్సర్ విపరీతంగా కాలి, బండి బరువుగా లాగుతుంటే కాస్త ముందుకి.

ట్యాంకులో పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంది, దించేయండి. లోపల తుప్పు ఉంటే నిమ్మ ఉప్పు లీటరు నీటికి 100 గ్రాములు కలిపి నింపి ఒక రోజు ఉంచండి. తర్వాత ఒకసారి వంటసోడా నీళ్లతో, ఒకసారి మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, కాస్త పెట్రోల్-ఆయిల్ కలిపి లోపలంతా తిప్పాలి. ఆ ‘వెంటనే’ ముఖ్యం. కడిగిన ఇనుము గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. కార్బొరేటర్ జెట్లను పిన్నుతోనో ఉక్కు తీగతోనో పొడవకండి. ఇత్తడి రంధ్రం పెద్దదైతే మైలేజీ ఇక దొరకదు. వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి వాడండి, గాలి కొట్టండి. ఎయిర్ స్క్రూ పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు విప్పితే మొదలుపెట్టడానికి సరిపోతుంది. ఫ్లాంజి (కార్బొరేటర్‌ను ఇంజిన్‌కి బిగించే అంచు) వంగి ఉంటే గాలి లాగి ఐడిలింగ్ నిలవదు. అద్దం మీద ఎమరీ పేపర్ పెట్టి దాన్ని సమంగా రుద్దండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఈ బండి పుట్టినప్పటిది కాదు. పాత రబ్బరు పైపు, కుళాయిలో కార్కు, ఫ్లోట్ గదిలో రబ్బరు ముక్కలు దానికి ఉబ్బుతాయి లేదా పొడిబారతాయి. అన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకంతో మార్చండి. బండి రెండు వారాలకు మించి నిలబడబోతుంటే కుళాయి మూసి, ఫ్లోట్ గదిలో పెట్రోలు అయిపోయి ఆగేదాకా నడపండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీళ్లు చేరేది జెట్ల దగ్గరే. ప్లగ్ తెల్లగా కాలుతుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి.

ఇంత చేశాక చాలా బండ్లు పదీ పదిహేను కిక్కుల్లో మాట్లాడతాయి. స్టార్ట్ అయ్యాక మొదట చూడాల్సింది ఆయిల్ కారుడు. ప్యాకింగులన్నీ మార్చేయాలనిపిస్తుంది, ఆగండి. క్రాంక్‌కేసు బ్రీదర్ గొట్టం చివర బాతు ముక్కులాంటి రబ్బరు ఉంటుంది. పిస్టన్ దిగినప్పుడు గాలి బయటికి పోవాలి, ఎక్కినప్పుడు లోపలికి రాకూడదు. దాని పని అంతే. ఆ రబ్బరు పెదవులు రాయిలా గట్టిపడితే, లేదా బంకపట్టి అతుక్కుపోతే, లోపలి ఒత్తిడి ఏ సందు దొరికితే ఆ సందులోంచి ఆయిల్‌ను నెడుతుంది. టాపెట్ మూత, పాయింట్ల గది, సిలిండర్ అడుగు, అన్నీ ఒకేసారి చెమర్చడం దీని గుర్తు. అతి తక్కువ ఖర్చుతో మారే ఈ రబ్బరు ముక్క మార్చి వంద కిలోమీటర్లు నడిపాక, అప్పటికీ ఎక్కడ కారుతోందో ఆ ఒక్క ప్యాకింగే వేయండి. గేర్‌బాక్సు కింద చుక్కలు వేరే సంగతి. దాంట్లో స్లీవ్ గేరు దగ్గర సరైన సీలు లేదు, అందుకే కంపెనీ పల్చటి ఆయిల్‌కి బదులు గ్రీజు చెప్పింది. ఎవరో 90 నంబరు ఆయిల్ నిండా పోసి ఉంటే అది కారి తీరుతుంది.

వేడెక్కాక, లోడు మీద లోపలినుంచి మందంగా ‘డబ్ డబ్’ మని వస్తే బిగ్ ఎండ్ అనుమానం నిజమే కావచ్చు. అప్పుడు హెడ్డు, సిలిండర్ దించి రాడ్డును పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకి ఆడొచ్చు, నిలువునా ఏమాత్రం ఆడకూడదు. సిలిండర్‌ను లేత్ షాపులో బోర్ గేజ్‌తో కొలిపించండి. మూల కొలత 70 మి.మీ., అరుగుదల 0.2 మి.మీ.కి చేరువైతేనే బోరు. మొదట 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), తర్వాత 20, 30, 40, అంతటితో అయిపోతుంది, ఆపై స్లీవే (సిలిండర్‌లో కొత్త గొట్టం దించడమే). పిస్టన్ ముందు కొని, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోరు చేయమనండి. కొత్త రింగు గ్యాప్ 0.3–0.4 మి.మీ. ఉండాలి. క్రాంక్ ప్రెస్సింగ్, ట్రూయింగ్ (వంకర లేకుండా సరిచేయడం) మాత్రం ఇంట్లో పని కాదు. ఆ పని చేయించాక రెండు కొనల మీద డయల్ గేజ్ పెట్టి తిప్పి చూపించమని అడగండి, 2 థౌ దాటకూడదు.

ఇప్పుడు మార్పులు. 12 వోల్టులకి మార్చడం మంచిదే, కానీ సగం మార్చకండి. స్టేటర్ (కరెంటు పుట్టించే తీగచుట్టలు), రెగ్యులేటర్-రెక్టిఫైయర్ (ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చేది), బ్యాటరీ, ఇగ్నిషన్ కాయిల్, హారను, ఫ్లాషరు, బల్బులన్నీ ఒకేసారి మారాలి. 6 వోల్టుల కాయిల్ 12 మీద కాసేపు పనిచేసి, వేడెక్కి, ఊరికి దూరంగా ఆపేస్తుంది. 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ 3–4 ఓమ్‌లు చూపాలి. స్టేటర్ బిగించాక రోటరుకీ (లోపల తిరిగే అయస్కాంతానికీ) దానికీ మధ్య చుట్టూ కనీసం 8 థౌ సందు ఉండాలి. ఒక వైపు తగిలితే పళ్లు రాసుకుని ఇనుప పొడి ప్రైమరీ చైను ఆయిల్‌లో కలుస్తుంది. ఏ కొన ఎర్త్ అన్నది పాత వైరింగ్ చూసి తేల్చుకోండి. ఎలక్ట్రానిక్ పరికరాలు తిరగేసిన కరెంటును ఒక్క క్షణం కూడా తట్టుకోవు. ఎర్తు వైరు కింద పెయింటు గీకి, బ్యాటరీలో ఎర్త్ అయిన కొన నుంచి ఇంజిన్‌కి వేరే మందపాటి వైరు వేయండి. లైటు వేసినప్పుడు ఆ రెంటి మధ్య 0.2 వోల్టు కన్నా ఎక్కువ కనపడకూడదు. బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. కాస్త రేస్‌లో 13.8–14.4 వోల్టులు వస్తే చార్జింగు సరిగ్గా ఉన్నట్టు. 55 వాట్ల హాలోజన్ ఒక్కటే నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి కొన్న స్టేటర్ ఎన్ని వాట్లదో అడిగి బల్బు ఎంచుకోండి.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ విషయంలో నా అభిప్రాయం: మొదటి వెయ్యి కిలోమీటర్లు పాయింట్లతోనే నడపండి. పాయింట్లు పాడైతే రోడ్డు పక్కన కాగితం ముక్కతో బాగవుతాయి. ఎలక్ట్రానిక్‌కి బ్యాటరీ, వైరింగ్ గట్టిగా ఉండాలి. 12 వోల్టుల మార్పు నిలదొక్కుకున్నాక వేస్తే హాయిగా ఉంటుంది. వేసినా పాత పాయింట్ల సెట్టు, కండెన్సర్ టూల్ బాక్సులో ఉంచుకోండి.

వేగం పెంచే సామాన్ల కన్నా బ్రేకుల మీద డబ్బు పెట్టండి. డ్రమ్ములు లేత్‌లో గుండ్రం చేయించి, షూలకి కొత్త లైనింగు వేయించండి. బిగించేటప్పుడు బ్రేకు గట్టిగా పట్టి ఉంచి అప్పుడు యాక్సిల్ నట్టు బిగిస్తే షూలు డ్రమ్ము మధ్యకి సర్దుకుంటాయి. ఈ ఒక్క అలవాటుతోనే తేడా చేతికి తెలుస్తుంది. 3.25-19 టైర్లు పగుళ్లు లేకపోయినా, ఆరేళ్లు గాలి లేకుండా నిలబడినవి వాడొద్దు. హైవే మీద ఇంజిన్ రొద తగ్గాలంటే గేర్‌బాక్సు స్ప్రాకెట్‌లో ఒక పన్ను పెంచితే చాలు. 16 నుంచి 17కి వెళ్తే అదే వేగానికి ఇంజిన్ ఆరు శాతం నెమ్మదిగా తిరుగుతుంది. పెద్ద కార్బొరేటర్, ఖాళీ సైలెన్సర్ ఈ ఇంజిన్‌కి ఏమీ ఇవ్వవు. ఇది 90 మి.మీ. పొడవు స్ట్రోకుతో, తక్కువ రేస్‌లో లాగడానికి పుట్టింది.

ఆర్‌సీ సంగతి ఈలోపే కదిలించండి. పదిహేనేళ్లు దాటిన బండికి ఫారం 25తో ఆర్‌టీఓలో రెన్యువల్ చేయించాలి. అది ఐదేళ్లకి చెల్లుతుంది, బండిని చూపించాలి కూడా. నాన్నగారి పేరు మీద ఉంటే బదిలీ ముందు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు చెక్కిన చోట పెయింటు వేయించేటప్పుడు గ్రైండర్ పెట్టనివ్వకండి. క్రాంక్‌కేసు మార్చినా, రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

రోడ్డెక్కాక మొదటి వంద కిలోమీటర్లకి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, టాపెట్లు మళ్లీ చూసి, ఆయిల్ ఒకసారి దించి కొత్తది పోయండి. ఆరేళ్ల మురికి మొదటి ఆయిల్‌లోకి దిగి ఉంటుంది. హెడ్డు విప్పి ఉంటే నట్లు అడ్డదిడ్డంగా, కొద్దికొద్దిగా మళ్లీ బిగించి, ఆ తర్వాతే టాపెట్లు చూడాలి. హెడ్డు కిందికి కూర్చుంటే పుష్‌రాడ్లు బిగుస్తాయి. ప్లగ్ తీసి దాని రంగు, ఆయిల్ దించినప్పుడు పళ్లెంలో కనపడ్డది, కిక్ మీద నిలబడితే ఎన్ని సెకన్లు పట్టిందో, ఈ మూడూ రాసి పంపండి. బోరు కావాలో వద్దో వాటిని బట్టి చెప్పొచ్చు.